దారిలో ఉన్న డబ్బు

దారిలో ఉన్న డబ్బు గురించి పంపినవాళ్ళు ఆరా తీస్తే అది వరస తప్పుతుందనీ, వెనక్కి వెళ్ళి అందరికంటే చివర నిలబడుతుందనీ ఆ లాండ్రీలో పనిచేసే నూట నలభై మందికీ తెలుసు. మొదట ఎవరు చెప్పారో మాత్రం ఎవరికీ తెలియదు. చెప్పినవాడెవడో తెలిస్తే "నీకెలా తెలుసు?" అని అడగవచ్చు. తెలియనప్పుడు నమ్మడం ఒక్కటే మిగులుతుంది. అందుకే సరిహద్దు అవతల ఉన్న ఇంటికి డబ్బు పంపిన రోజున, చేతికి వచ్చిన చీటీని చదవకుండా నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకునేవారు. చేరిందన్న కబురు వచ్చేదాకా ఆ మడత విప్పేవారు కాదు. ఇంట్లోవాళ్ళు కూడా ఫోనులో పిల్లల జ్వరాల గురించి, ఇంటి అద్దె గురించి మాట్లాడేవారే గాని డబ్బు మాట ఎత్తేవారు కాదు. ఎవరైనా నోరు జారి "ఇంకా రాలేదేంటి?" అంటే పక్కనున్నవాళ్ళు చప్పున ఆ నోటికి చెయ్యి అడ్డం పెట్టేవారు.

మడతలక్క డబ్బు పంపి ఆ రోజుకు ఐదు రోజులు.

ఇద్దరు మనుషుల పొడవున్న ఇస్త్రీ రోలరు కింద నుంచి దుప్పటి పొగలు కక్కుతూ బయటికి వస్తుంది. అది నేలను తాకేలోగా అటొకరు ఇటొకరు కొసలు అందుకుని, మడిచి, మళ్ళీ మడిచి, బుట్టలో వేయాలి. షిఫ్టుకు తొమ్మిది వందల దుప్పట్లు. రోజుకు నలభై ఆరు కూలి. మడత వంకర పోయినా, బుట్ట మారినా దుప్పటికి రెండు చొప్పున కోత. బుట్టలు ఆరు, ఒక్కోదాని మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం, ఎ నుంచి ఎఫ్ దాకా. ఆసుపత్రులవి మొదటి బుట్టలోకి, హోటళ్ళవి తరువాతి వాటిలోకి, చిరిగినవి చివరి బుట్టలోకి. మడతలక్కకు వచ్చిన ఇంగ్లీషు ఆ ఆరు అక్షరాలే. వాటిని బడి నేర్పలేదు, పదకొండేళ్ళ చాకిరీ నేర్పింది.

"ఏమే, మంచి దుప్పట్లు తీసుకెళ్ళి చిరుగుల బుట్టలో వేస్తున్నావు. ఇది మూడోది," అంది ఎదురుగా రెండో కొస పట్టుకున్న పెద్దక్క. ఆ హాలులో అందరికంటే వయసులో పెద్దది ఆమే. "కోత పడితే నీకొక్కదానికే కాదు, నాకూ పడుతుంది. జంటకి జంటే కోస్తారు."

"చూసుకోలేదక్కా."

"ఎలా చూసుకుంటావు? చేతులు ఇక్కడున్నాయి, ప్రాణం అక్కడుంది."

"ఐదు రోజులైందక్కా. ఈసారైనా..."

"ఉష్!" పెద్దక్క దుప్పటి కొసను ఆమె చేతిలోకి విసురుగా లాగి పెట్టింది. "నోరు అదుపులో పెట్టుకో. ఈ వారం పదిహేడు మందివి ఒకే మూటగా వెళ్ళాయి. నువ్వు నోరు జారితే మూట మొత్తం వెనక్కెళ్తుంది. నా మనవరాలి ఫీజు అందులోనే ఉంది. నేను ఒకసారి అడిగి అనుభవించాను చాలు."

పెద్దక్క అనుభవమే ఆ హాలులో అందరికీ ప్రమాణం. ఆరేళ్ళ కిందట ఆమె ఉండబట్టలేక అడిగింది. డబ్బు నలభై మూడో రోజున చేరింది. అడగనివాళ్ళ డబ్బు కూడా ఒక్కోసారి ముప్పై రోజులు దాటిందన్న సంగతి ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నమ్మకానికి పనికొచ్చే ఉదాహరణ ఒక్కటి దొరికితే, పనికిరానివి ఎన్ని ఉన్నా మనిషి వాటికి చోటివ్వడు.

వాళ్ళ గుర్తింపు కాగితాలన్నీ యజమాని బీరువాలో ఉన్నాయి. కాగితాలు లేనివాళ్ళకు బ్యాంకు గుమ్మం ఎంత దూరమో బ్యాంకు కట్టిన రోజు నుంచీ అంతే దూరం. అందువల్ల నెల జీతం ఫోనులో పడగానే, మళ్ళీ ఫోను నుంచి ఫోనుకే, క్వార్టర్ల గేటు పక్క గదిలో కూర్చునే చిటికెల తమ్ముడికి పంపేవారు. "చిటికెలో పంపించేస్తా అక్కా" అని వేళ్ళతో చిటికె వేయడం అతని అలవాటు. అతడు ఆ డబ్బుతో స్టేబుల్‌కాయిన్లు కొనేవాడు. అవి డాలరు విలువకు కట్టేసిన డిజిటల్ నాణేలు. చేతికి తగలవు, చప్పుడు చేయవు, కాని ఒక్కోటి ఒక్కో డాలరుకు చెల్లుతుంది. సరిహద్దు అవతల ఉన్న అతని భాగస్తుడు వాటిని అందుకుని, అక్కడి డబ్బుగా మార్చి, ఇళ్ళకు చేర్చేవాడు. నూటికి నాలుగు కమీషను. తొమ్మిది రోజుల నుంచి పదిహేను రోజులు.

"నా చేతిలో ఉన్నంతవరకు చిటికే అక్కా. ఆ తర్వాత సరిహద్దు దగ్గర క్యూ ఉంటుంది. దానికి నేనేం చెయ్యను చెప్పు?" అనేవాడు. ఆ మాట అనేటప్పుడు అతని ముఖంలో కనిపించే బాధ చూసి, డబ్బు ఆలస్యమైనవాళ్ళే అతన్ని ఓదార్చి వచ్చేవారు.

భోజనాల గంట కొట్టగానే మడతలక్క ఫోను మోగింది. అవతల భర్త. ఆయన దర్జీ. ఎడమ కన్ను చిన్నప్పుడే దెబ్బ తగిలి పోయింది. ఇరవై రెండేళ్ళుగా కుడి కన్నుతోనే సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. వారం కిందట ఆ కంట్లో మెరుపులు మెరిశాయి, నల్లటి నలుసులు రాలాయి, మర్నాటికి కింది నుంచి ఒక నీడ లేచింది. కంటి వెనుక చూపును పట్టే పొర, గోడకు అంటించిన కాగితం చెమ్మకు ఊడినట్టు, పై నుంచి ఊడివస్తోందని డాక్టరు చెప్పాడు. నడిమిభాగం ఊడకముందే అతికిస్తే చూపు నిలుస్తుంది. ఊడిన తరువాత అతికించినా దర్జీ పనికి సరిపడే చూపు తిరిగి రాకపోవచ్చు. పది రోజులకు మించి ఆగదన్నాడు. డబ్బు ముందుగా కట్టాలి. మడతలక్క ఆ నెల జీతం, దాచుకున్నది, హాలులో నలుగురి దగ్గర చేబదులు తెచ్చినది కలిపి పదిహేను వందలు పంపింది.

ఆయన రోజంతా కదలకుండా పడుకుని, మధ్యాహ్నం ఒక్కసారి లేచి ఎదుటి గోడ మీది గడియారం చూసేవాడు. ఏ అంకెలు నీడలో మునిగాయో ఆమెకు చెప్పేవాడు.

"ఇవాళ నాలుగూ ఎనిమిదీ కూడా పోయాయే," అన్నాడు.

"ఐదు?"

"ఐదు మొన్నే పోయిందిగా. సాయంత్రం ఐదు లేకపోతే ఇక కొట్టు కట్టే వేళే లేదు నాకు. నువ్వు మా యజమానివై ఉంటే ఈ కన్నుని మెచ్చుకునేదానివి." ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయనే మళ్ళీ అందుకున్నాడు. "అన్నయ్య నిన్న ఆ భాగస్తుడి కొట్టు వైపు వెళ్ళొచ్చాడు."

"అడిగాడా?"

"అబ్బే, ఊరికే ఎదురుగా నిలబడి వచ్చాడు. బజారులో బండ్లవాళ్ళంతా అక్కడే ఉన్నారట. పొద్దున వంద అప్పు తీసుకుని సాయంత్రానికి నూట రెండు కడుతున్నారట. బల్ల మీద కట్టలు కట్టలుగా పెట్టుకున్నాడట, చూడముచ్చటగా ఉందన్నాడు."

"ఆయన డబ్బు, ఆయనిష్టం. మనకెందుకు? పడుకోండి, తల కదపకండి."

అన్నం డబ్బా వెచ్చబెట్టుకోవడానికి ఆమె బాయిలరు గదిలోకి వెళ్ళింది. అక్కడి ఆవిరి గొట్టం మీద డబ్బా పెడితే ఐదు నిమిషాల్లో వేడెక్కుతుంది. బాయిలరు బాబాయి అరగంటకొకసారి ఆవిరి పీడనం చూపే ముల్లు చూసి పుస్తకంలో రాసుకునే మనిషి. ముల్లు చూపించనిది ఏదీ అతను ఉందనడు, లేదనడు. సరిహద్దు అవతల అతనికి ఎవరూ లేరు.

"మొహం అలా ఉందేంటమ్మా?"

ఆమె చెప్పింది. డబ్బు మాట రాకుండా గడియారం సంగతి మాత్రమే చెప్పాలనుకుంది. కాని అదీ వచ్చేసింది. బాబాయి పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు.

"నీ జీతం ఫోన్లో పడటానికి ఎంతసేపు పట్టింది?"

"ఎంతసేపేంటి బాబాయ్? టింగుమంది."

"తమ్ముడికి నువ్వు కొట్టినప్పుడు?"

"అదీ టింగే."

"అక్కడ మీ ఆయన దారపుండ కొంటే, కొట్టువాడికి?"

"వాళ్ళదీ ఫోనేగా. రెప్పపాటు."

"మరి ఇటు టింగుకీ అటు టింగుకీ మధ్య పదిహేను రోజులేంటి తల్లీ? ఆ నాణేలు నడిచి వెళ్తున్నాయా? మోకాళ్ళ నొప్పులా వాటికి?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు వెంటనే భయం వేసింది. "క్యూ ఉంటుందట బాబాయ్."

"ఉండొచ్చు. లేదని నేననను. బాయిలర్లో నీళ్ళున్నాయని నువ్వు చెప్తే నమ్మను, లేవన్నా నమ్మను. నీళ్ళ మట్టం చూపే గాజుగొట్టం చూస్తా. ఆ నాణేలు నడిచే దారికీ ఒక పుస్తకం ఉంటుంది. ఏది ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో, ఏ సెకనుకి చేరిందో అంతా దాన్లో దానంతటదే ఎక్కుతుంది. తాళం లేని పుస్తకం అది. ఎవరైనా ఫోన్లో తెరిచి చూడొచ్చు. మీ చీటీ మీద పొడుగాటి నంబరొకటి ఉంటుందట, అది కొడితే చాలు. ఫోను బాగుచేసే కొట్టులో కూర్చున్నప్పుడు వాళ్ళు ఆ పేజీ తెరిచి మాట్లాడుకుంటుంటే విన్నా."

"చూడటమంటే అడగటమే కదా?"

"ఏమో. నేనెప్పుడూ నంబరు కొట్టి చూడలేదు. డబ్బు పంపడానికి నాకెవరూ లేరు, చీటీ లేదు. నీ జేబులో ఉంది."

ఆమె చెయ్యి జేబు దాకా వెళ్ళి ఆగింది. బాబాయి ఆమె ఫోను తీసుకుని, ఆ పేజీ వెతికి తెరిచి, నంబరు కొట్టవలసిన ఖాళీ గడినీ, సమయం ఎక్కడ కనిపించాలో ఆ వరసనూ చూపించి తిరిగి ఇచ్చేశాడు. తరువాత లేచి ముల్లు చూసి రాసుకున్నాడు.

ఆ రోజు ఆమె నంబరు కొట్టలేదు. పదిహేడు ఇళ్ళ డబ్బు తన వేలి కొసన ఉన్నట్టనిపించింది. ఆ వేలితో అన్నం కలపడానికి కూడా భయపడింది.

ఆరో రోజు మధ్యాహ్నం భర్త నవ్వలేదు.

"మూడూ తొమ్మిదీ సగానికి తెగాయి."

"ముళ్ళు కలిసేచోటు కనబడుతోందా?"

అవతల మంచం కిర్రుమంది.

"ఉంది. మసగ్గా ఉంది."

నాలుగింటికి షిఫ్టు వదిలారు. గేటు పక్క చిటికెల తమ్ముడి గది కిటికీ ముందు అప్పటికే పదిమంది వరసగా నిలబడ్డారు. పెద్దక్క కూడా అందులో ఉంది, ఫోను రీచార్జి కోసం. మడతలక్క ముందుకు వెళ్తుంటే వాళ్ళు దారిచ్చారు. ఆమె ముఖంలో ఏదో చూసి ఇచ్చారు.

"రా అక్కా," అన్నాడు తమ్ముడు. "బావ ఎలా ఉన్నాడు? కన్నెలా ఉంది?"

భర్త సంగతి ఆమె అతనితో ఎన్నడూ అనలేదు.

"నేనేమీ అడగడానికి రాలేదు తమ్ముడూ..."

"తెలుసక్కా. నువ్వు అడిగే మనిషివి కాదు. అందుకే నేనే ఆలోచించి పెట్టా." బల్ల కింది నుంచి ఒక కాగితం తీసి ఆమె వైపు తిప్పాడు. రాయవలసినదంతా ముందే రాసి ఉంది. కింద ఖాళీ గీత ఒకటి. "మా భాగస్తుడు తన సొంత డబ్బు రేపు పొద్దున్నే ఆసుపత్రిలో కట్టేస్తాడు. నీది వచ్చినప్పుడు వస్తుంది. నువ్వు చెయ్యాల్సిందల్లా ఇక్కడ సంతకం. ఆరు నెలలు నీ జీతం నీ ఫోన్లో పడే బదులు నా ఫోన్లో పడుతుంది. చేతి ఖర్చుకి నెలనెలా నేనే రెండొందలు ఇస్తా."

"ఆరు నెలలా!"

"వడ్డీ అనుకుంటే ఎక్కువ, సాయమనుకుంటే తక్కువ. కన్ను ముఖ్యమా, జీతం ముఖ్యమా? నువ్వే చెప్పక్కా."

వరసలో ఎవరో "పెట్టెయ్యవే, ఆలోచిస్తావేంటి" అన్నారు. ఆమె కలం అందుకుంది. కాగితం మీద వంగింది. ఎడమ చేత్తో కాగితాన్ని సాపు చేసి అంచుకు అంచు కలిసిందా లేదా అని చూసుకుంది. అది పదకొండేళ్ళ అలవాటు.

"రేపు పొద్దున్నే కట్టేస్తాడా?" అంది వంగే ఉండి.

"చిటికెలో."

"కట్టమని ఆయనకెలా తెలుస్తుంది?"

"మెసేజి పెడతా. రెండు క్షణాలు."

"ఆయన దగ్గర్నుంచి ఆసుపత్రికి?"

"ఫోన్లో కొడతాడు. అదీ రెండు క్షణాలే. ఈ కాలంలో అదెంతసేపక్కా?"

మడతలక్క నిటారుగా నిలబడింది. "అయితే నా డబ్బు ఒక్కటే నడిచి వెళ్తోందా, తమ్ముడూ?"

కిటికీ అవతల చిటికె వేయబోయిన వేళ్ళు మధ్యలో ఆగాయి.

"క్యూ అని చెప్పా కదక్కా."

"చెప్పావు." ఆమె కలం కాగితం మీద పెట్టి రెండింటినీ కలిపి అతని వైపు జరిపింది. "నేను పెట్టను."

అని మెట్టు మీద కూర్చుని, చొక్కా లోపలి జేబులోంచి చీటీ తీసి ఒక మడత విప్పింది. వరస మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. "ఒద్దే! విప్పకే!" ఒకామె పరుగున వచ్చి ఆమె భుజం పట్టుకుంది. "నీ కాళ్ళు పట్టుకుంటా, మా చెల్లి కాన్పు డబ్బు అందులోనే ఉంది."

తమ్ముడు కిటికీలోంచి బయటికి వంగాడు. గొంతు ఇంకా మెత్తగానే ఉంది. "అందరూ వినండక్కా. ఆవిడ విప్పితే మూట మొత్తం చివరికి పోతుంది. పదిహేడు మందివీ. రేపు నన్నంటే ఊరుకోను. నా పూచీ లేదు."

"నేనెవర్నీ అడగట్లేదు," అంది మడతలక్క. "చూస్తున్నా. అంతే."

పెద్దక్క వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. దుప్పట్లు లాగిలాగి మొద్దుబారిన ఆ వేళ్ళ పట్టు ఇనుప పట్టు.

"నీ మనవరాలి ఫీజు గడువు ఎప్పటిదాకా అక్కా?"

"నిన్నటితో అయిపోయింది. పిల్లని ఇంటికి పంపేశారు."

"అప్పట్లో అడిగావు, నలభై మూడు రోజులు పట్టింది. సరే. ఈసారి నోరెత్తలేదుగా. వచ్చిందా?"

పెద్దక్క కిటికీ వైపు చూసింది. కిటికీలో మనిషి ఆమె వైపు చూడకుండా ఫోనులో ఎవరికో ఏదో రాస్తున్నాడు. మణికట్టు మీది పట్టు సడలింది. ఆమె మెట్టు మీద పక్కనే కూలబడి, తన చొక్కా జేబులోంచి తన చీటీ తీసి, మడతలన్నీ ఒక్కసారిగా విప్పి మోకాలి మీద పరిచింది. రెండు చీటీలూ పక్కపక్కన పెట్టి చూశారు. మొత్తాలు వేరు, పేర్లు వేరు. కింద ఉన్న పొడుగాటి నంబరు ఒకటే.

"ఇంత పొడుగుందేమే! నీకు ఇంగ్లీషు రాదుగా?"

మడతలక్క ఆ వరస మీద వేలు నడిపింది. అంకెలు, మధ్యమధ్యన అక్షరాలు. చివరి దాకా వెతికినా ఎఫ్ దాటిన అక్షరం ఒక్కటీ లేదు. "మన బుట్టలే అక్కా. నువ్వు చదువు, నేను కొడతా."

"ఏడు. చిరుగులది. మూడు. సున్నా. ఆసుపత్రిది..." అని పెద్దక్క మొదలుపెట్టింది. పదో అంకె దగ్గర హాలులో లెక్క అప్పజెప్పే గొంతు వచ్చేసింది. "ఆసుపత్రిది, మళ్ళీ ఆసుపత్రిది. తొమ్మిది. రెండో బుట్ట."

మొత్తం అరవై నాలుగు. ముప్పై దాటేసరికి వరసలో నిలబడ్డవాళ్ళు చుట్టూ చేరారు. ఎవరి చెయ్యి వాళ్ళ చొక్కా జేబు మీదే ఉంది. భుజం పట్టుకున్నామె ఇంకా పట్టుకునే ఉంది, లాగడం మాత్రం మానేసింది. నలభై దాటేసరికి వెనుక కిటికీ రెక్క ఒకటి మూసుకుంది. చివరి అంకె పడే లోపల రెండోదీ మూసుకుని, లోపల గడియ పడిన చప్పుడు వినిపించింది. ఎవరూ తల తిప్పలేదు.

ఫోను తెర మీద చిన్న చక్రం తిరిగింది. ఆగింది. బాయిలరు బాబాయి చూపించిన వరసను మడతలక్క వేలితో పట్టుకుంది. చీటీ మీద, తమ్ముడు నాణేలు పంపిన సమయం ఉంది, ఆరు రోజుల కిందటి తేదీతో: నాలుగు గంటల పన్నెండు నిమిషాల ఏడు సెకన్లు. పుస్తకంలో, అవి భాగస్తుడి ఖాతాకు చేరిన సమయం ఉంది, అదే తేదీతో: నాలుగు గంటల పన్నెండు నిమిషాల ఇరవై ఆరు సెకన్లు.

పదిహేడు మంది డబ్బు దారిలో ఉన్నది పంతొమ్మిది సెకన్లు.